ఎవరి ఎడమ?

"లేవండి! ముందు అందులోంచి లేవండి!"

అరిచింది గీటురాయి. ఆయన అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. పేరున్న డిజైనర్లు చేసిన కుర్చీలూ బల్లలూ అసలువో నకిలీవో తేల్చడంలో ఆయనదే ఆఖరి మాట గనక పత్రికలవాళ్ళు తగిలించిన పేరది. ఆయన ఆ పేరును నెత్తిన పెట్టుకుని తిరుగుతాడు.

కుర్చీలో ఉన్న డిటెక్టివ్ లేవలేదు. వీపు ఇంకాస్త వెనక్కి ఆనించి కాలు మీద కాలు వేసుకున్నాడు.

"కుర్చీ కదండీ, కూర్చున్నాను. ఎక్కి గంతులెయ్యలేదుగా?"

"అది కుర్చీ కాదు. కళాఖండం!"

"కళాఖండానికి సీటెందుకో మరి."

వేలంశాల యజమానురాలు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. గోడకు ఆనుకుని నిలబడ్డ ఇన్స్పెక్టర్ మాత్రం నవ్వలేదు. మధ్యాహ్నం వేలం. ఆలోగా ఏదో ఒకటి తేలకపోతే పై అధికారులు తన ప్రాణం తోడేస్తారని ఆయన బాధ.

"ఈ జిడ్డు నాకు ఇంకా వదల్లేదన్నమాట" అన్నాడు గీటురాయి, యజమానురాలితో.

జిడ్డు అన్నది డిటెక్టివ్‌కు ఉన్న పేరే. బీమా కంపెనీలో పరిశోధకుడిగా ఉన్న రోజుల్లో తోటివాళ్ళు పెట్టారు. పట్టుకున్నాడంటే సబ్బుకు కూడా పోడని. అతను దానికి ఎప్పుడూ బాధపడలేదు. ఇవాళైతే ఆ పేరు తనకు సరిగ్గా సరిపోయిందని సంతోషంగా కూడా ఉంది.

నిన్న సాయంత్రం యజమానురాలికి ఎవరో గొంతు మార్చి ఫోన్ చేశారు. "రేపు మీరు వేలం వేసే మూడు కుర్చీలూ నకిలీవి. నమ్మకం లేకపోతే జిడ్డును పిలిచి వాటిలో కూర్చోబెట్టండి" అని చెప్పి పెట్టేశారు. పోలీసులకూ అదే మాట. ఆ మూడింటినీ అసలువని ధ్రువీకరించింది గీటురాయి. అందుకే జిడ్డు పిలిచిన పావుగంటలో వచ్చి వాలాడు. గీటురాయి తప్పు చేశాడని ఎవరైనా చీకట్లో గుసగుసలాడినా వచ్చి వాలే మనిషి అతను.

కారణం అతని బావ.

జిడ్డు కూర్చున్న ఆ రకం కుర్చీని అందరూ వాలు కుర్చీ అంటారు. వెనక్కి వాలి పడుకునేది కాదు. దాని సీటు పక్కకు వాలుగా ఉంటుంది, కంటికి తెలియనంత కొంచెం. దాన్ని డిజైన్ చేసిన పెద్దాయన తన జన్మలో అలాంటివి నాలుగే చేశాడు. ఫోటోలు తియ్యనిచ్చేవాడు కాదు. ఎవరైనా అడిగితే "సీటు ఎడమకు వాలుతుంది, అదే దాని కిటుకు" అనేవాడు, అంతకు మించి పెదవి విప్పేవాడు కాదు. మూడు కుర్చీలు ఎవరెవరి ఇళ్ళకో చేరి జాడ లేకుండా పోయాయి. మిగిలిన ఒక్కటీ తన కార్ఖానాలో పెద్ద పనివాడైన బావకు ప్రేమగా ఇచ్చాడు.

పెద్దాయన పోయాక బావ దాన్ని అమ్మబోయాడు. కొనబోయినవాళ్ళు గీటురాయిని పిలిచారు. ఆయన సీటు మీద వాలు చూపే రసమట్టం పెట్టి చూసి, తర్వాత కోర్టు బోనెక్కి ప్రమాణం చేసి చెప్పాడు. "ఇది కుడికి వాలింది. గురువు పేరు చెప్పుకుని శిష్యుడు చేసిన నకిలీ." బావను జైల్లో వేశారు. కుర్చీని ముక్కలు చేయించే పని గీటురాయికే అప్పగించారు. బావకు మొదట్నుంచీ ఛాతీ జబ్బు. జైలు గోడల చలికి రెండో ఏడు తట్టుకోలేకపోయాడు. జైలు గేటు దగ్గర అక్క ఆయన చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సంగతి తలుచుకుంటే ఏడేళ్ళయినా జిడ్డుకు కడుపు మండుతూనే ఉంది. అతనికి గీటురాయి ఉద్యోగం అక్కర్లేదు, పరువు అక్కర్లేదు. "మీ బావ కుర్చీ అసలుదే" అన్న ఒక్క మాట ఆ నోట్లోంచి, సాక్షుల ముందు, ఊడిపడాలి. అంతే.

"లేస్తున్నాను లెండి, బెంగ పెట్టుకోకండి" అంటూ లేచాడు జిడ్డు. లేచేటప్పుడు ఒక సంగతి గమనించాడు. కూర్చున్నంతసేపూ ఒళ్ళు తెలియకుండానే కుడివైపుకు జారుతూ వచ్చింది.

టార్చి తీసుకుని, చెడిన బండి కింద దూరే మెకానిక్‌లా కుర్చీ కింద వెల్లకిలా పడుకున్నాడు. దొంగ సరుకు దొరికిపోయేది ఎప్పుడూ అడుగునే. పైన మెరుగు పెట్టే ఓపిక ప్రతివాడికీ ఉంటుంది, కనబడని చోట ఉండదు. మిషను రంపం గీతలు వరసగా దువ్వినట్టుంటాయి. కొత్త చెక్క రంగు దాచడానికి అడుగుకు కూడా పాలిష్ పులుముతారు. చేతులు అరిగినట్టు చూపించడానికి ఆకురాయితో రుద్దుతారు, మనిషి చెయ్యి ఎప్పుడూ ఆనని చోట కూడా రుద్దేస్తారు.

ఇక్కడ అవేవీ లేవు. చిత్రిక పట్టిన గుర్తులు చేతివాటంగా, హెచ్చుతగ్గులుగా ఉన్నాయి. అతుకుల్లో ఒక్క మేకు లేదు, అన్నీ చెక్క చీలలే. అరుగుదల బొటనవేలు ఆడే చోట మాత్రమే ఉంది. చేసిన మనిషి దొంగే అయితే, దొంగల్లోకెల్లా పనిమంతుడైన దొంగ.

"ఆ అల్లిక చూడండి" అన్నాడు గీటురాయి పైనుంచి, ముసిముసిగా నవ్వుతూ. "పెద్దాయన కార్ఖానాలో సీట్లు అల్లింది మీ అక్కగారే కదా? చివర తోక లోపలికి మడిచే ముడి ఆవిడ తప్ప ఎవరూ వెయ్యలేరు. ఆ ముడి మూడింటికీ ఉంది. మీ అక్కగారి చేతులే నాకు సాక్ష్యం. ఇంక మీరేం అంటారు?"

జిడ్డు టార్చి అటు తిప్పాడు. కేన్ అల్లిక మూలకు వచ్చి ఆగిన చోట ముడి ఉంది. అక్క ముడే. తోక లోపలికి మడిచే ఉంది. కానీ చుట్లు రెండున్నాయి.

టార్చి ఇంకా దగ్గరగా పెట్టి మళ్ళీ లెక్కపెట్టాడు. రెండే.

కార్ఖానా రోజుల్లో అక్క ఒకే చుట్టు వేసేది. బావ పోయాక బతుకు తెరువు కోసం ఏదో మిల్లులో చేరింది. అక్కడ మిషనులో బొటనవేలు నలిగింది. అప్పట్నుంచి ఒక్క చుట్టుతో బిగించే పట్టు లేక రెండు చుట్లు వేస్తుంది. ఆ సంగతి జిడ్డుకు ఎలా తెలుసంటే, అస్తమానం కళ్ళజోడు పారేసుకుంటాడని నిరుడు అక్క అల్లి ఇచ్చిన తాడు ఇప్పుడు అతని మెడలోనే ఉంది. దాని ముడికీ రెండు చుట్లే. కార్ఖానా మూతపడ్డాక, వేలు నలిగాక, ఎక్కడో కూర్చుని అక్క ఈ కుర్చీలు అల్లింది. అల్లిక ఒక్కటేమిటి, బావ పక్కన ఇరవయ్యేళ్ళు పనిచేసిన మనిషి. చెక్క పనీ ఆవిడదే అయి ఉంటుంది.

"ఏమైనా కనబడిందా?" అడిగాడు ఇన్స్పెక్టర్.

"దుమ్ము" అన్నాడు జిడ్డు.

కింద పడుకునే ఆలోచించాడు. ఇవి నకిలీవని నిరూపిస్తే అక్క జైలుకెళ్తుంది. అసలువే అని ఒప్పుకుంటే గీటురాయి గెలుస్తాడు, బావ మట్టిలో కూడా దొంగగానే ఉండిపోతాడు. కళ్ళలోకి కారుతున్న చెమటను చొక్కా చేతికి తుడుచుకున్నాడు.

అప్పుడు ఆ ఫోన్ మాట మళ్ళీ చెవిలో పడినట్టయింది. జిడ్డును పిలిచి వాటిలో కూర్చోబెట్టండి. చూపించండి అనలేదు, కూర్చోబెట్టండి అన్నారు. కూర్చుంటే ఒళ్ళు కుడికి జారింది. అసలు కుర్చీ ఎటు వాలుతుందో అక్కకంటే ఎరిగినవాళ్ళు లేరు. అలాంటిది ఏ వైపు వాలు పెట్టకూడదో సరిగ్గా ఆ వైపే ఎందుకు పెట్టింది?

అప్పుడు జిడ్డుకు జవాబు తట్టింది. అక్క పెద్దాయన కుర్చీకి నకలు చెయ్యలేదు. గీటురాయి కోర్టులో చెప్పిన సాక్ష్యానికి నకలు చేసింది. ఆయన ఏది అసలన్నాడో అచ్చం అలాగే చేసి ఆయన ముందు పెట్టింది. వీటిని కాదంటే, బావ కుర్చీ అసలుదని ఒప్పుకున్నట్టే. ఔనంటే, ఇదిగో, ఇలా అందరి ముందూ ఇరుక్కున్నట్టే. ఇన్నేళ్ళూ మాట్లాడకుండా, మనిషి సగమైపోయి, అక్క చేస్తున్నది ఏడుపు కాదన్నమాట.

సరే అక్కా, అనుకున్నాడు. నువ్వు పిలిచావు, నేను వచ్చాను.

లేచి చొక్కా దులుపుకున్నాడు. "నాకు చదువు తక్కువండీ. ఎడమకు వాలిందని ఎలా తేలుస్తారో ఇన్స్పెక్టర్ గారికి ఒకసారి చూపిస్తారా?"

గీటురాయికి ఇంతకంటే కావలసిందేముంది? మఖమలు సంచిలోంచి రసమట్టం తీశాడు. కుర్చీకి ఎదురుగా నిలబడి, దాన్ని సీటు మీద అడ్డంగా పెట్టాడు. గాజులోని బుడగ ఆయన కుడిచేతి వైపుకు పరిగెత్తింది.

"బుడగ ఎప్పుడూ మెరక వైపుకు పోతుంది. అంటే పల్లం ఇటు, ఎడమకు" అన్నాడు తన ఎడమచెయ్యి చూపించి. "పెద్దాయన చెప్పిన వాలు ఇదే."

"మా బావ కుర్చీ?"

"అది కుడికి. కోర్టులో ప్రమాణం చేసి చెప్పాను. ఇవాళ అడిగినా అదే చెబుతాను. రేపు అడిగినా అదే."

"విన్నారుగా ఇన్స్పెక్టర్ గారూ? మీరు కాస్త ఈ మాట మరిచిపోకండి. అమ్మగారూ, పెద్దమ్మగారిని లోపలికి పంపిస్తారా?"

యజమానురాలు తలుపు తీసింది. అసలు కుర్చీని ఎరిగిన మనిషి కదా అని పొద్దున్నే జిడ్డు బండి పంపించిన పెద్దమ్మ, పెద్దాయన భార్య, చేతికర్ర ఊతంగా లోపలికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఎడమ కాలు తుంటి దగ్గర వంగక, ఆ కాలును ఒక పక్కగా ఈడ్చుకుంటూ నడుస్తోంది. గీటురాయి రసమట్టాన్ని సంచిలో పెట్టబోయి ఆగిపోయాడు.

"పెద్దమ్మగారూ, ఈ కుర్చీ పెద్దాయన ఎవరి కోసం చేశారు?"

"ఎవరి కోసమేమిటి నాయనా, నా కోసమే. ఈ ఎడమ తుంటి చిన్నప్పట్నుంచీ వంగదు. మామూలు కుర్చీలో కూర్చుంటే నరకం. అటువైపు పల్లంగా ఉంటే కాలు జారవిడిచి కూర్చోవచ్చని, నన్ను కూర్చోబెట్టి లేపి, కూర్చోబెట్టి లేపి, విసిగించి చంపి చేశాడు. అందరూ మెచ్చుకున్నాక ఇంకో మూడు చేశాడు."

"మొదటిది ఏమైంది?"

"మీ బావకిచ్చాం. నా దగ్గరుంటే మనవలు విరగ్గొడతారని. నేనే ఇమ్మన్నాను."

"ఈ మాట అప్పుడు కోర్టులో..."

"నన్నెవరడిగారు?" పెద్దమ్మ గొంతు గట్టిపడింది. "ఆ ఏడే కదా తుంటికి కోత పెట్టి మంచాన పడేసింది. నేను లేచి నడిచేసరికి ఆ పిల్లాడు లేడు. ఈ పెద్దమనిషి ఒక్కసారి మా గుమ్మం తొక్కి అడిగుంటే సరిపోయేది. నిపుణుడు కదా, నన్నడగడం నామోషీ అనుకున్నాడేమో."

"ఇందులో ఒకసారి కూర్చుంటారా?"

జిడ్డు చెయ్యి పట్టుకుని ఆవిడ మెల్లగా కూర్చుంది. కూర్చుందో లేదో "అబ్బా!" అంటూ మొహం ముడుచుకుపోయింది. జిడ్డు గబుక్కున లేవదీశాడు.

"నాది కాదు ఇది. కుడి పక్క దిగబడి, ఎడమ తుంటిని పైకి ఎగదోస్తోంది. ఆయన బతికుంటే దీన్ని పొయ్యిలో పెట్టేవాడు."

"లేదమ్మా, మీరు పొరపడుతున్నారు" అన్నాడు గీటురాయి తొందరగా. కుర్చీకి ఎదురుగా వెళ్ళి మళ్ళీ ఎడమచెయ్యి చాపాడు. "వాలు ఎడమకే ఉంది. ఇదిగో."

"ఎవరి ఎడమ?" అన్నాడు జిడ్డు.

గీటురాయి చాపిన తన చేతి వైపే చూసుకున్నాడు.

"మీరు ఎదురుగా నిలబడి చూస్తున్నారు కాబట్టి మీకది ఎడమ. అందులో కూర్చునేవాళ్ళకి కుడి. పెద్దాయన కుర్చీలు చేసేవాడండీ, చూసేవాడు కాదు. ఆయన ఎడమ అంటే కూర్చున్నవాళ్ళ ఎడమ. భూతద్దాలూ రసమట్టాలూ పెట్టి ఇన్నేళ్ళు కొలిచారే, ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, అందులో కూర్చోవాలని అనిపించలేదా మీకు? మీరు కూర్చోక మా బావ పోయాడు!"

చివరి మాట అరుపులా వచ్చింది. జిడ్డు దాన్ని ఆపుకోవాలని కూడా అనుకోలేదు. ఇన్నేళ్ళుగా మింగుతూ వచ్చిన విషమంతా ఆ ఒక్క మాటతో బయటికి వచ్చినట్టయింది. ఎదుటివాడి మొహం పాలిపోతుంటే చూడటానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేం.

ఇన్స్పెక్టర్ ముందుకు వచ్చాడు. "అంటే ఆ రోజు మీరు నకిలీ అన్నదే..."

"ఆగండి!" గీటురాయి చెయ్యి అడ్డం పెట్టాడు. దెబ్బతిన్న మనిషి, కానీ తెలివితక్కువవాడు కాదు. ఇందాకటి కళాఖండాన్ని ఒక్క ఊపున తలకిందులు చేశాడు. భూతద్దం ముడి మీద పెట్టి చూశాడు. ఇన్నాళ్ళూ ఇష్టంగా చూసిన ముడిని మొదటిసారి పగతో చూశాడు. తలెత్తి, జిడ్డు మెడ వైపు చూశాడు. జిడ్డు చెయ్యి తనకు తెలియకుండానే కళ్ళజోడు తాడు మీదికి పోయింది. అదే అతను చేసిన పొరపాటు.

"తియ్యండి ఆ చెయ్యి. ఇన్స్పెక్టర్, ఆ తాడు చూడండి, ఈ ముడి చూడండి! రెండూ రెండు చుట్లే. నకిలీవేనయ్యా, ఒప్పుకుంటున్నాను, మూడూ నకిలీవే! చేసిందెవరో తెలుసా? వీళ్ళక్క! ఇద్దరూ కలిసి నాకు ఉచ్చు పన్నారు. అసలు అల్లికకు ఒక్కటే చుట్టు. ఒక్క చుట్టు వేసి తోక మడుస్తుంది. ఇవాళ పొద్దున కూడా చూసుకునే వచ్చాను!"

ఇన్స్పెక్టర్ చూపు జిడ్డు మీదికి మళ్ళింది. జిడ్డుకు అక్క మొహం కళ్ళ ముందు కదిలింది. అయితే బీమా కంపెనీ నేర్పిన ఒక అలవాటు అతన్ని వదల్లేదు. ఎదుటి మనిషి కోపంలో అన్న ఆఖరి మాటను మళ్ళీ ఒకసారి లోపల చెప్పుకోవడం. చెప్పుకున్నాడు. ఆగిపోయాడు.

"పొద్దున చూశారా?" అన్నాడు నెమ్మదిగా. "దేనికి చూశారు?"

గీటురాయి భూతద్దం జేబులో పెట్టుకోబోయాడు.

"పెద్దాయన చేసినవి నాలుగేనండీ. మూడింటి జాడ లేదు, అవి ఇవేనని మీరు రాసిచ్చారు. ఇవి నకిలీవని ఇప్పుడు మీరే అన్నారు. ఇక మిగిలింది మా బావది. దాన్ని ముక్కలు చేయించి తగలబెట్టానని మీరు కోర్టుకు చెప్పుకున్నారు. మరి ఇవాళ పొద్దున మీరు ఒక్క చుట్టు ముడి చూసింది ఏ కుర్చీకి?"

యజమానురాలి చెయ్యి నోటి మీదికి పోయింది.

"మీకు తెలుసు" అన్నాడు జిడ్డు. తన గొంతు తనకే కొత్తగా వినబడింది. "ఎప్పుడు తెలిసిందో గానీ, అది అసలుదని మీకు తెలుసు. అందుకే ముక్కలు చెయ్యలేదు. ఇంట్లో పెట్టుకున్నారు. అది అసలుదని తెలిసీ, అన్న మాట వెనక్కి తీసుకోలేక, దానికి తిరగబడిన వీటికి సర్టిఫికెట్ ఇచ్చారు. మా బావ జైల్లో దగ్గుతున్నప్పుడు కూడా తెలుసా? చెప్పండి, అప్పటికే తెలుసా?"

గీటురాయి పట్టుకోవడానికి ఏమీ దొరకక, పక్కనున్న రెండో వాలు కుర్చీలో కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి కూర్చున్నాడు. కూర్చుని కొంచెం కొంచెంగా కుడికి జారిపోయాడు.

"ముక్కలు చెయ్యబోయాను" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. "రంపం తెప్పించాను. ఎందుకో ఒకసారి కూర్చుని... లేదు, కూర్చోలేదు. చెయ్యి పెట్టి చూశాను. చెయ్యి పెట్టగానే పెద్దాయన పనితనం తెలిసిపోయింది, అది అసలుదేనని."

తలుపు దగ్గర అలికిడైంది. పెద్దమ్మను నడిపించుకుంటూ వచ్చి, ఇంతసేపూ వరండా బల్ల మీద కూర్చున్న మనిషి గుమ్మంలో నిలబడి ఉంది. జిడ్డు అక్క. పెద్దమ్మ ఆశ్చర్యపోలేదు. పైగా చేతికర్ర పక్కకు జరిపి ఆవిడకు దారి ఇచ్చింది. వీళ్ళిద్దరూ ఈ పని మీద ఎన్నాళ్ళ నుంచి కూర్చున్నారో జిడ్డుకు అప్పుడు అర్థమైంది.

"నేనేనండీ" అంది అక్క, ఇన్స్పెక్టర్‌తో. "చెక్క పనీ నాదే, అల్లికా నాదే. ఆయన పనిముట్లతోనే చేశాను. వేరే పేరుతో వేలానికి పంపిందీ నేనే. అమ్ముడు పోకముందే ఫోన్ చేసిందీ నేనే. ఎవర్నీ ముంచాలని కాదు, ఈయన్ని తప్ప."

"మీ మీదా కేసు పెట్టాల్సి వస్తుందమ్మా" అన్నాడు ఇన్స్పెక్టర్, చెప్పడం ఇష్టం లేనట్టు.

"ఇవి నేను చేసినవని కోర్టులో తేలకపోతే ఈయన ఏదో ఒక సందులోంచి దూరి తప్పించుకుంటాడు. పెట్టండి." తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, ఆ తాడు విప్పి వాళ్ళకిచ్చెయ్. సాక్ష్యం కదా. వచ్చాక ఇంకోటి అల్లిస్తాను."

"అక్కా, నువ్వు..."

"ఏడవకు. ఏడుపు నా వంతు అయిపోయింది, నీ వంతు రానివ్వను."

జిడ్డు తాడు విప్పుతుంటే వేళ్ళు సహకరించలేదు. రెండు చుట్లు వేసి మరీ బిగించింది మహాతల్లి. అక్క అతని చేతులు పక్కకు తోసి, వంకర తిరిగిన బొటనవేలితో తనే విప్పింది. తర్వాత కుర్చీలో కూలబడి ఉన్న మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఆయన తలెత్తలేదు.

"పదండి మీ ఇంటికి" అంది. "నా మొగుడి కుర్చీలో నేను ఒక్కసారి కూర్చోవాలి. తర్వాత ఈ ఇన్స్పెక్టర్ గారు ఏ బండి ఎక్కమంటే ఆ బండి ఎక్కుతాను."